ఏడో ప్రశ్న

"పోయినావిడ మీకేమవుతారమ్మా?"

మంచినీళ్ళ గ్లాసు అందించబోతున్న కోడలి చెయ్యి అలాగే ఆగిపోయింది.

"ఎవరు పోయారండీ?"

"అదేనమ్మా, ఎడమచేత్తో తివాచీలు నేసేవారే." వచ్చినావిడ గొంతు తగ్గించింది. "కింద షాపు మూసి ఉంది. ఇంటివాళ్ళు పైనే ఉంటారని పక్కన మిషను కుట్టే ఆయన చెప్పాడు. ఆరు నెలలు దాటాక పరామర్శేమిటని మీరనుకోవచ్చు. కానీ రోజూ ఆవిడ చేతిపని మీద కాలు మోపుతున్నదాన్ని. ఒక్కసారైనా వచ్చి మాట్లాడకపోతే మనసొప్పలేదు."

ఆ వీధి మొత్తానికి ఎడమచేత్తో తివాచీ నేసే మనిషి ఒక్కతే. ఆ ఒక్కతీ ఇప్పుడు చేతిలో గ్లాసుతో నిలబడి తన చావు కబురు తానే వింటోంది. ఇంత భాగ్యానికి ఎంత పెట్టి పుట్టాలి!

పొద్దున్న ఆమె అక్కగారింటికి బయల్దేరింది. రెండు రోజులుండి రమ్మని మొగుడే పోరి మరీ పంపాడు. సంచీ కూడా తనే సర్దాడు. పన్నెండేళ్ళ కాపురంలో తన తువ్వాలు తాను మడవని మనిషి ఆమె చీరలు మడతలు పెడుతుంటే చూసి మురిసిపోయింది. తీరా బస్సెక్కబోతూ టికెట్టు మీద సీటు నంబరు చూద్దామంటే కళ్ళజోడు లేదు. అది లేకపోతే దూరంగా ఉన్నవన్నీ బాగానే కనబడతాయి ఆమెకి, దగ్గరున్నవే కనబడవు. బస్సు పోతే ఇంకోటి వస్తుందిలెమ్మని ఇంటికి తిరిగొచ్చింది.

వచ్చేసరికి మొగుడు లేడు. వంటింట్లో ఉన్న అత్తగారు కోడల్ని చూడగానే దెయ్యాన్ని చూసినట్టు ఉలిక్కిపడింది. ఏమైందని అడిగేలోపే ఈ రిటైరైన లెక్కల టీచరమ్మ, దుప్పట్లో చుట్టిన తివాచీ భుజానేసుకుని మెట్లెక్కి వచ్చింది.

"కూర్చోండి టీచరుగారూ," అంది కోడలు. "ఆవిడ పోయిందని మీకెవరు చెప్పారు?"

"షాపాయనే." టీచరమ్మ చేతిసంచీలోంచి ఒక నోట్‌బుక్కు తీసింది. "నాకో అలవాటుందమ్మా, ఏది కొనాలన్నా ముందు ప్రశ్నలు రాసుకుంటాను. చేత్తో నేసిన తివాచీ జన్మలో ఒక్కటే కొంటాను కదా, మోసపోకూడదని పదిమందిని అడిగి ఏడు ప్రశ్నలు రాసుకున్నాను. ఇదిగో. వెనక్కి తిప్పి చూపిస్తారా? చూపించాడు. ముడులు ఒక్కొక్కటీ విడివిడిగా కనబడ్డాయి. కుచ్చులు పడుగు దారాలేనా, తర్వాత అతికించినవా? పడుగే. తడిగుడ్డతో రుద్దితే రంగు దిగుతుందా? దిగలేదు. అచ్చం ఉన్నేనా? ఒక పోగు లాగి నా ఎదుటే కాల్చాడు, వెంట్రుక కాలిన కంపు కొట్టింది. ఎన్నాళ్ళు పట్టింది? పదకొండు నెలలన్నాడు. చిరిగితే బాగుచేస్తారా? చేస్తామన్నాడు. ఆరింటికీ నూటికి నూరు మార్కులు."

"ఏడోది?"

"ఎవరు నేశారు, ఆవిడతో ఓసారి మాట్లాడొచ్చా అని అడిగాను." టీచరమ్మ నోట్‌బుక్కు మూసింది. "ఆయన, ఎడమచేతి వాటం మనిషి నేసిందండి అని తల దించుకున్నాడు. 'ఆవిడ లేదండి' అన్నాడు. ఇంకేం అడుగుతాను? నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇంకో రెండు షాపులు చూద్దామనుకున్నదాన్ని, అక్కడికక్కడే తీసేసుకున్నాను. అంచు ఇంకా కుట్టలేదు, వారం ఆగి తీసుకెళ్ళండి అంటే సరేనన్నాను."

దుప్పటి విప్పి తివాచీ నేల మీద పరిచింది.

కోడలికి కళ్ళజోడు లేదు. అక్కర్లేకపోయింది. మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో ఒక్కసారి నిమిరింది. అందరి ముడీ ఒక పక్కకి వాలితే ఆమె ముడి రెండో పక్కకి వాలుతుంది. ఉన్ని పిల్లి వెన్నులా ఆమె చేతికింద అటే ఒరిగింది. బూడిదరంగు మీద ఆవపిండి రంగు మెట్లు. సాయంత్రం పూట ఎదురింటి మేడమెట్ల మీద ఎండ ఒక్కో మెట్టూ దిగిపోవడం కిటికీలోంచి చూసీ చూసీ, ఏ కాగితం మీదా గీయకుండా, లెక్క మనసులో పెట్టుకుని నేసిన తివాచీ అది. అమ్మకానికి కాదని అప్పుడే చెప్పింది. మన గదిలో పరుచుకుందామంది.

ఆ తివాచీని అంచు కుట్టడానికి కిందికి దింపారు. వారం తిరక్కుండా పురుగు కొట్టేసిందన్నారు. చూస్తానంటే, "నువ్వు చూసి తట్టుకోలేవమ్మాయ్, పెరట్లో నేనే తగలబెట్టేశాను," అని అత్తగారు ఆమెని గుండెకి అదుముకుంది. ఆవిడ చీర పొగ వాసన వేసింది. ఆ భుజం మీద తల పెట్టుకుని కోడలు వెక్కివెక్కి ఏడ్చింది.

"ఇక్కడ ఊడిందమ్మా," అంది టీచరమ్మ, అంచు చూపిస్తూ.

కోడలి వేలు అంచు వెంబడి నడిచింది. మూడు కుట్లు బిగువు, నాలుగోది వదులు. మళ్ళీ మూడు బిగువు, నాలుగోది వదులు. చూపుడువేలు వంకరపోయిన ఒక మనిషి తప్ప లోకంలో ఇంకెవరూ అలా కుట్టరు. ముడి వేయడం ఆమెకి నేర్పింది కూడా ఆ వేలే. పుర్రచెయ్యి పనికి కుదరదని అందరూ నవ్వితే, "దాని చేతివాటం దానిది, మీకేం నొప్పి?" అని మగ్గం ముందు పక్కన కూర్చోబెట్టుకుంది ఆ మనిషే.

మొగుడు అబద్ధమాడితే మండుతుంది. ఇది మంట కాదు. కాళ్ళకింద పీట లాగేసినట్టయింది ఆమెకి. వంటింట్లో గిన్నెల చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది.

"మీరావిణ్ణి బాగా ఎరుగుదురా?" అడిగింది టీచరమ్మ. "ఎలాంటి మనిషి?"

"పిచ్చిదండి. ఇంట్లోవాళ్ళు ఏం చెబితే అది నమ్మేది."

"పాపం!"

"పాపమేనండి."

కోడలు లేచి సూదీ దారం తెచ్చింది. సూదిలోకి దారం తడుముకుంటూ ఎక్కించి, ఊడిన చోట కుట్టడం మొదలుపెట్టింది. అలవాటైన చెయ్యి ఎదుటివాళ్ళ కోసం మారదు కదా. టీచరమ్మ కాసేపు ఆ సూది వంక చూసింది. తర్వాత చేతి వంక చూసింది. ముప్పయ్యేళ్ళు పిల్లల తప్పులు పట్టిన కళ్ళవి.

"అమ్మా," అంది చాలా మెల్లగా. "మీది ఎడమచేతి వాటమా?"

"అవునండి."

"మీ ఇంట్లో ఇంకెవరిదైనా...?"

"లేదండి. నా ఒక్కదానిదే."

టీచరమ్మ మొహం ఎర్రబడింది. చీరకొంగుతో నుదురు తుడుచుకుంది. చివరికి, "నేను మీకోసం ఏడ్చానమ్మా," అంది. ఆ మాటలో కోపమే ఉంది. "నేనొక్కదాన్నే కాదు, నలుగురికీ చెప్పి ఏడిపించాను. నా దగ్గర చదువుకున్నవాడొకడు హోటలు కడుతున్నాడు. వాడికీ చెప్పాను. ఆవిడ ఆఖరి తివాచీ మగ్గం మీదే సగంలో ఆగిపోయిందట, మగ్గంతో సహా తీసుకుని హోటల్లో ముందుగదిలో పెట్టుకుంటానన్నాడు. ఇవాళ చూడ్డానికి వస్తున్నాడు."

కోడలి చేతిలో సూది ఆగింది.

"సగంలో ఆగిపోయిందా?"

"అలాగే చెప్పాడు మీ... షాపాయన."

కోడలు సూది తివాచీకే గుచ్చి లేచింది.

*

వంటింట్లో అత్తగారు స్టవ్వు తుడుస్తోంది. స్టవ్వు అప్పటికే అద్దంలా ఉంది.

"అత్తయ్యా, అంచు ఎప్పుడు కుట్టారు?"

"ఏ అంచే?"

"పురుగు కొట్టేసిందని మీరు తగలబెట్టిన తివాచీ అంచు. తగలబెట్టక ముందు కుట్టారా, తగలబెట్టాక కుట్టారా?"

అత్తగారి చేతిలో గుడ్డ ఆగింది.

"ఆవేళ మీ చీర పొగ వాసన ఎందుకొచ్చింది?"

"పాత గోనెసంచి కాల్చాను." ఆవిడ తల ఎత్తలేదు. "వాడు కావాలని అనలేదే అమ్మాయ్. ఆవిడొచ్చిన పూట నువ్వు భుజం చూపించుకోడానికి డాక్టరు దగ్గరికెళ్ళావు. నేసినావిడతో మాట్లాడాలంటే, 'ఆవిడ లేదండి' అన్నాడు. ఇంట్లో లేదనే అన్నాడు. ఆవిడేమో గుండె మీద చెయ్యేసుకుంది."

"బయటికెళ్ళిందండీ అని ఒక్క ముక్క కలపడానికి నోరు పెగల్లేదా?"

"పెగిలేలోపే ఆవిడ కొనేసింది."

"ఆ తర్వాత ఆరు నెలలుగా ఎవరు పట్టుకున్నారు నోరు?"

కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. అత్తగారు దాన్ని బిగించింది. అది ఆగలేదు.

"తర్వాత వచ్చినవాళ్ళందరూ అదే అడిగారే. ఆవిడ నేసినవి ఇంకా ఉన్నాయా అని. వరసపెట్టి వచ్చారు. షాపు మూసేసే స్థితి నుంచి వాడు మళ్ళీ మనిషయ్యాడు. నీకు చెప్దామనే అన్నాను. చెప్తే ఊరుకోదు, కొన్నాళ్ళు పోనీ అన్నాడు."

"వాడు మీ కొడుకు. వాడి మాట మీరు వినొచ్చు. మరి నేనెవర్ని? మా అమ్మ పోయినప్పుడు, 'నీకు నేను లేనా' అన్నారు మీరు. ఉన్నారనుకున్నానత్తయ్యా. మీరున్నారన్న ధైర్యంతోనే కదా ఈ ఇంట్లో ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకుని తిరిగాను!"

అత్తగారు వంకరవేలుతో కళ్ళు ఒత్తుకుంది. ఇంకో రోజైతే కోడలే ఆ కన్నీళ్ళు తుడిచేది. ఇవాళ చూస్తూ ఊరుకుంది.

"నన్ను అక్క దగ్గరికి పంపింది ఇందుకేనా?"

కోడలు మగ్గం గది వైపు తిరిగింది. అత్తగారు గబగబా అడ్డం వచ్చింది.

"అటెళ్ళకే. నా మాట విను. ఇప్పుడొద్దు."

"ఆ గదిలోకి వెళ్ళొద్దని నాకెవరూ చెప్పలేరత్తయ్యా. ఈ ఇంట్లో నాదంటూ ఉన్నది ఆ గదొక్కటే," అంటూ తలుపు తోసింది.

గది ఎప్పుడూ ఇంత శుభ్రంగా లేదు. నేల కడిగి ఉంది. దారపు ఉండలు రంగు ప్రకారం బుట్టలో పేర్చి ఉన్నాయి. మగ్గం మీద రెండోసారి మొదలుపెట్టిన అవే మెట్లు, సగం దాకా వచ్చి ఆగి ఉన్నాయి. పురుగు తిన్నా నా చేతిలోంచి ఎక్కడికి పోతాయిలే అని మొండిగా మళ్ళీ మొదటి ముడి నుంచి మొదలుపెట్టిన మెట్లు. ముందున్న పీట మీద ఆమె పాత శాలువా మడిచి ఉంది. శాలువా మీద ముడులు దిగ్గొట్టే ఇనప దువ్వెన. దువ్వెన పక్కన కాళ్ళు విప్పి, నేస్తూ నేస్తూ ఇప్పుడే తీసి పెట్టినట్టు ఆమె కళ్ళజోడు.

ఆమె సంచీలో లేని కళ్ళజోడు.

నెలరోజులు! నెలరోజులుగా సాయంత్రం కాగానే నూనె గిన్నె పట్టుకొచ్చి భుజానికి మర్దనా చేశాడు మహానుభావుడు. "ఇక చాలు, ఆపెయ్. నీ చెయ్యి అరిగిపోతోంది. నాకు తివాచీలు కాదు, నువ్వు కావాలి," అన్నాడు. ఆ ఒక్క మాటకి కరిగి నీరైపోయింది. ఆరోజు వేసిన ముడి దగ్గరే దారం తెంపి లేచింది. ఆయన మర్దనా చేసింది భుజానికి కాదు, బేరానికి. సగంలో ఆగితేనే కదా అది చచ్చినదాని ఆఖరి తివాచీ అయ్యేది!

"కళ్ళజోడు నేను పెట్టలేదే," అంది గుమ్మంలోంచి అత్తగారు. "ఒట్టు. వాడే పెట్టాడు."

కోడలు కళ్ళజోడు తీసి పెట్టుకుంది. దగ్గరున్నవన్నీ కనబడ్డాయి.

*

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. మొగుడు చేతిలో కొత్త దీపంతో లోపలికొచ్చాడు. మగ్గం మీద వెలుగు పడేలా తగిలించే చిన్న దీపం అది. ముందుగదిలో టీచరమ్మని చూసి నవ్వబోయాడు. ఆవిడ వెనక నిలబడ్డ పెళ్ళాన్ని చూసి ఆ నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తికమకపడ్డాడు.

"నువ్వు... బస్సు..."

"కళ్ళజోడు మర్చిపోయానండి. ఎవరో తీసి భద్రంగా పెట్టారు."

టీచరమ్మ నోట్‌బుక్కు తెరిచింది. బళ్ళో పిల్లవాణ్ణి లేపి నిలబెట్టినట్టే అడిగింది.

"నా ఏడో ప్రశ్న మిగిలిపోయిందండి. మళ్ళీ అడుగుతున్నాను. ఈ తివాచీ ఎవరు నేశారు?"

కోడలు ఆయన మొహం వంకే చూస్తూ నిలబడింది. ఒక్క మాట. 'ఇదిగో, ఈవిడే' అంటే చాలు. అప్పటికీ ఆమెకి ఆశ చావలేదు. పన్నెండేళ్ళ కాపురం ఒక్క పూటలో తెగుతుందా మరి! ఆ మాట అంటే మిగతావన్నీ తిట్టుకుంటూనో ఏడ్చుకుంటూనో సర్దుకోవచ్చు అనుకుంది.

ఆయన దీపాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"తర్వాత మాట్లాడుకుందామండీ. ఇప్పుడు కాస్త పనిలో..."

టీచరమ్మ నోట్‌బుక్కు మూసేసింది.

ఆయన పెళ్ళాన్ని మగ్గం గదిలోకి లాక్కెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. చేతిలో ఉన్న దీపమూ ఫోనూ కిటికీ అరుగు మీద పెట్టి, రెండు చేతులూ జోడించాడు.

"నీ కాళ్ళు పట్టుకుంటాను. రెండు గంటలు. వాళ్ళొచ్చి చూసి వెళ్ళిపోతారు. తర్వాత తిట్టు, కొట్టు, ఏమన్నా చెయ్యి. ఈ రెండు గంటలూ వంటింట్లో కూర్చో."

"చచ్చినట్టు కూర్చోమంటారు."

"మాటలు పట్టుకోకు! నీకోసం కాదా ఇదంతా? ఇవాళ నీ పని గురించి ఎంతమంది మాట్లాడుకుంటున్నారో తెలుసా? నువ్వు బతికున్నప్పుడు ఎవడడిగాడు నీ తివాచీని?"

అన్నాక గానీ తానేమన్నాడో ఆయనకే తెలియలేదు.

"బతికున్నప్పుడా?" అంది ఆమె.

"అంటే... నా ఉద్దేశం..."

"నాకే అబద్ధం చెప్పి ఉంటే పోనీ అనుకుందును. నువ్వు నమ్మేశావు." మొదటిసారి ఆమె నోట మొగుణ్ణి 'నువ్వు' అనే మాట వచ్చింది. "చెప్పగా చెప్పగా నువ్వే నమ్మేశావు. రోజూ నీకు అన్నం వడ్డిస్తున్నది ఎవరనుకుంటున్నావు?"

బయట టీచరమ్మ దగ్గిన చప్పుడు వినిపించింది. గుమ్మం అవతల అత్తగారు తలుపుకి ఆనుకుని ఉంది. ఎవరూ ఎవరికీ సాయం రాలేదు.

కిటికీ అరుగు మీద ఫోను మోగింది.

ఇద్దరూ ఒక్కసారే కదిలారు. ఫోను ఎడమ పక్కన ఉంది. ఆమె చెయ్యే ముందందుకుంది.

"హలో."

"షాపు ఓనరుగారి ఫోనేనా అండీ? హోటలు నుంచి వచ్చాం. కింద షట్టరు వేసుంది. ఓనరుగారున్నారా?"

మొగుడు చెయ్యి చాచాడు. ఇచ్చెయ్యమని కళ్ళతోనే బతిమాలాడు. ఆమె ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది.

"ఆయన లేరండి."

"బయటికెళ్ళారా? ఎప్పుడొస్తారు?"

"ఇంక రారండి."

తలుపు అవతల అత్తగారు, "ఓసి నీ నోరు పడ! ఏం మాటే అది!" అని కెవ్వుమంది. కోడలు ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి, "నన్ననప్పుడు నొప్పెట్టలేదుగా అత్తయ్యా," అంది. మళ్ళీ ఫోను చెవికి ఆనించుకుంది.

"అయ్యయ్యో," అంటున్నాడు అవతలి మనిషి. "ఎప్పుడమ్మా?"

"ఇవాళేనండి. ఇంతకుముందే."

మొగుడు చాచిన చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

"మేం తెలియక వచ్చాం, క్షమించండి. తివాచీ సంగతి ఇంకోసారెప్పుడైనా..."

"పర్వాలేదు, పైకి రండి," అంది ఆమె. పీట మీది శాలువా తీసి పక్కన పడేసి మగ్గం ముందు కూర్చుంది. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, నెలక్రితం తెంపిన చోట కొత్త పోగు వెతుక్కుంది. "నేసినావిడ ఉంది."

కింద కారు తలుపు వేసిన చప్పుడైంది. ఒకటో మెట్టు. రెండో మెట్టు. మొగుడు ఒకసారి తలుపు వంకా, ఒకసారి ఆమె ఎడమచేతి వంకా చూశాడు. తర్వాత వెళ్ళి, బతికున్న ఆ చెయ్యి వాళ్ళ కంట పడకుండా, మగ్గం గది తలుపుకి లోపలి నుంచి గడియ పెట్టాడు.